నడుస్తున్న ట్రాక్టర్ లోడు మీద నుంచి పడ్డ హమాలీ – తెల్లకాగితం మీద సంతకం పెట్టేశాం, ఇప్పుడేం చేయాలి?

మిర్యాలగూడ_బామ్మర్ది | 6 మే 2024, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోవద్దు. మా బావ మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో ముఠా హమాలీ. వయసు 40. పన్నెండేళ్ళుగా అదే మిల్లు. ఏప్రిల్ 19న తవుడు బస్తాలు ట్రాక్టర్‌కి ఎత్తి మూడు కిలోమీటర్ల అవతల ఉన్న గోదాముకి తోలుకెళ్తున్నారు, దించడానికి నలుగురు హమాలీలు ఎప్పటిలాగే లోడు పైనే కూర్చున్నారు. కాలువ గట్టు ఎక్కే మలుపులో బావ వెనక్కి పడ్డాడు. కుడి తొడ ఎముక విరిగింది, తుంటి దగ్గర చీలిక. ప్రైవేటు ఆసుపత్రిలో రాడ్ వేశారు.

మూడో రోజు మిల్లు ఓనరు వచ్చి 40 వేలు చేతిలో పెట్టి, "ఇకమీదట మిల్లుతో మాకు ఏ లావాదేవీ లేదు, ఏమీ అడగం" అని తెల్లకాగితం మీద రాయించి అక్కతో, బావతో సంతకాలు తీసుకున్నాడు. అంతకుముందే సూపర్‌వైజర్, "ఇంట్లో మెట్ల మీద జారిపడ్డాడని చెప్పండి, లేకపోతే పోలీసు కేసు అంటారు, ఆపరేషన్ లేటవుతుంది" అంటే మేం అలాగే చెప్పాం. ఆ టెన్షన్‌లో ఏం చెబుతున్నామో మాకే తెలియలేదు. ఇప్పుడు డాక్టరేమో ఆరు నెలలు కాలు మోపకూడదు, ఆ తర్వాత కూడా బస్తా మోయడం కష్టమే అంటున్నాడు. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. 40 వేలు మందులకే అయిపోయాయి. సంతకం పెట్టాక ఇంకేమైనా అడగొచ్చా, లేక అంతేనా?

పదిచక్రాల_బండి | 6 మే, రాత్రి 11:20

చట్టం సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. నేను ఇరవై ఏళ్ళు లారీ తోలాను, అంతకుముందు ట్రాక్టర్. తవుడు లోడు అన్నావు చూడు, అక్కడే ఉంది అసలు విషయం. తవుడు బస్తా తేలిక, మెత్తన, అందుకని ఎత్తుగా పేరుస్తారు. పైగా ఇప్పుడన్నీ ప్లాస్టిక్ సంచులు. గోనె సంచి అయితే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది, మనిషి కూర్చున్నా జారదు. ప్లాస్టిక్ సంచి మీద తవుడు దుమ్ము పడితే అద్దం మీద కూర్చున్నట్టే. తాడు వేశారా లోడుకి? ట్రక్కు, అదే ట్రాక్టర్ వెనక తగిలించే ట్రాలీ, దాని పిన్ను ఎలా ఉంది?

మిర్యాలగూడ_బామ్మర్ది | 7 మే, ఉదయం 6:55

తాడు వేయలేదన్నా, మూడు కిలోమీటర్లే కదా అని. పిన్ను గురించి తెలియదు, బావని అడిగి చెబుతాను.

గుమస్తా_గుంటూరు | 7 మే, ఉదయం 8:10

బాబూ, ముందు కంగారు పడకు. నేను వకీలును కాదు, ముప్పై ఏళ్ళు ఒక వకీలు గారి దగ్గర గుమస్తాగా చేశాను, ఇలాంటి ఫైళ్ళు వందలు కట్టాను. నీ ప్రశ్నకు నేరుగా జవాబు: ఆ తెల్లకాగితానికి విలువ లేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, పాతవాళ్ళం వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అంటాం, అందులో 17వ సెక్షన్ ఉంది. పరిహారం వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. నిజంగా రాజీ చేసుకోవాలనుకుంటే ఆ పత్రాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మొత్తం తక్కువగా ఉందనిపిస్తే ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. కమిషనర్ అంటే పోలీసు కమిషనర్ కాదు, కార్మిక శాఖలో ఈ కేసులు వినే అధికారి. మీకు నల్గొండలో విచారించు.

దరఖాస్తుకు గడువు ప్రమాదం నుంచి రెండేళ్ళు. అంటే టైముంది. కానీ సాక్ష్యానికి టైము లేదు, అది రోజురోజుకీ పలచబడుతుంది. ఇప్పుడు నువ్వు చెప్పాల్సినవి: మిల్లులో బావకి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు ఉందా? (ఉంటే దారి వేరు, ఈ చట్టం కింద అడగలేం.) ట్రాక్టర్ ఎవరి పేరున ఉంది? పైన కూర్చున్న మిగతా ముగ్గురు మీ వైపు మాట్లాడతారా? ఆసుపత్రి కాగితాల మీద మొదట ఏం రాశారు?

ఎముకలవార్డు_సిస్టర్ | 7 మే, మధ్యాహ్నం 1:35

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, పొట్టిగా చెబుతా అనుకున్నా గానీ పొడవయ్యేట్టుంది. "మెట్ల మీద జారిపడ్డాడు" అనే వాక్యం మా వార్డులో నెలకి ఎన్నిసార్లు వింటానో. నలభై ఏళ్ళ గట్టి మనిషికి మెట్ల మీద జారితే తొడ ఎముక మధ్యకి విరగడం చాలా అరుదు, అది బలంగా తగిలితేనే విరిగే ఎముక. చూసే డాక్టరుకి అనుమానం వస్తుంది గానీ, పక్కనున్నవాళ్ళు గట్టిగా అదే చెబితే అదే రాస్తారు. పోలీసు కేసు అంటే ఆపరేషన్ ఆగుతుందన్నది అబద్ధం. మెడికో లీగల్ కేసు అని రాసి పోలీసులకి కబురు పంపుతారు, అది ఒక పక్క, వైద్యం ఒక పక్క. ఏ ఆసుపత్రీ దానికోసం ఆపరేషన్ ఆపదు, ఆపకూడదు.

ఇంకో సంగతి, ఇది చదివే అందరికీ. పడ్డవాణ్ణి చంకల్లో చేతులు పెట్టి లేపి ఆటోలో కుదేయకండి. పాదాల మీద పడి మడమ విరిగినవాళ్ళకి నడుము పూస కూడా నలిగి ఉండొచ్చు, అందుకే మేం మడమ ఎక్స్‌రేతో పాటు నడుమూ చూస్తాం. తొడ ఎముక విరిగితే లోపలే లీటరు, లీటరున్నర రక్తం పోతుంది, బయటికి చుక్క కనపడదు. ఇక తల. పడినవాడు లేచి కూర్చుని, నీళ్ళు తాగి, బీడీ వెలిగించి "నాకేం కాలేదు" అంటాడు. అందరూ నవ్వుకుంటారు. కొన్ని గంటలకి వాంతులు, మగత, ఆ తర్వాత పిలిస్తే పలకడు. పుర్రె లోపల రక్తం గడ్డకట్టడం అలాగే మొదలవుతుంది. తలకి దెబ్బ తగిలితే లేచాడా లేదా అని కాదు, స్కాన్ తీశారా అని అడగండి.

బామ్మర్ది గారూ, మీ బావగారిని మొదట ఎక్కడికి తీసుకెళ్ళారు? నేరుగా ప్రైవేటుకేనా?

మిర్యాలగూడ_బామ్మర్ది | 7 మే, రాత్రి 9:05

అక్కా, మొదట 108 వచ్చింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళెవరో ఫోన్ చేశారట. 108లో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టి, అక్కడి నుంచి సూపర్‌వైజరే ప్రైవేటుకి మార్పించాడు. మెట్ల కథ ప్రైవేటులోనే చెప్పాం.

గుమస్తా గారూ, ఈఎస్ఐ లేదు. ముఠా వాళ్ళెవరికీ లేదు. ట్రాక్టర్ ఓనరు తమ్ముడి పేరున ఉంది. సాక్షులంటే... ముగ్గురూ రోజూ అదే మిల్లుకి పోవాలి కదా. ఒకాయన మటుకు, పిలిస్తే ఉన్నది చెబుతా అన్నాడు.

పదిచక్రాల అన్నా, పిన్ను గురించి బావ ఒకటే మాట అన్నాడు: "ట్రాక్టర్ ముందు పోయింది, మేం తర్వాత పోయినం."

పదిచక్రాల_బండి | 7 మే, రాత్రి 9:40

అదే! ఆ ఒక్క మాటతో అయిపోయింది తమ్ముడూ. ట్రాక్టర్‌కీ ట్రక్కుకీ మధ్య పిన్ను, దాని రంధ్రం అరిగిపోతే రెండు మూడు వేళ్ళ సందు వస్తుంది. గట్టు ఎక్కేముందు డ్రైవర్ గేరు తగ్గించి క్లచ్ ఠక్కున వదులుతాడు. ట్రాక్టర్ కదులుతుంది, ట్రక్కు ఒక క్షణం అక్కడే ఉండి ఆ తర్వాత గుంజుకుంటుంది. పైన కూర్చున్నవాడి నడుము కింద నుంచి బస్తా ముందుకి లాగేసినట్టు ఉంటుంది. మనిషి వెనక్కే పడతాడు. స్పీడుతో పనే లేదు, నడిచేవాడు దాటిపోయే వేగంలో పడతారు. నేను చూసినవాటిలో ఎక్కువ మంది కదిలేటప్పుడో, ఆగేటప్పుడో, గుంతలో దిగేటప్పుడో పడ్డవాళ్ళే. హైవే మీద పోతుంటే గట్టిగా పట్టుకుని కూర్చుంటారు. మిల్లు గేటు కనపడగానే చేతులు వదిలేస్తారు, చుట్ట ముట్టించుకుంటారు.

తాండూరు_సేఫ్టీ | 8 మే, ఉదయం 7:15

సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తుంటాను. పై అన్న చెప్పింది అక్షరాలా నిజం, దానికి లెక్క కూడా చెబుతా. పది అడుగుల ఎత్తు నుంచి మనిషి పడితే, బండి కదలకుండా ఆగి ఉన్నా సరే, నేలని గంటకి సుమారు 28 కిలోమీటర్ల వేగంతో తాకుతాడు. "మెల్లగానే పోతోంది కదా" అనే మాటకి అర్థం లేదు, ఎత్తే వేగం. మా దగ్గర కొత్తవాళ్ళకి మొదటి రోజు ఇదే చెబుతాం, అయినా లోడర్ పక్కన నిచ్చెన మీద నిలబడి వేలాడుతూ పోయేవాళ్ళు కనపడుతూనే ఉంటారు. ఆగకముందే దిగే అలవాటు మరీ దారుణం, అందులో ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళే ఉంటారు.

మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ కూడా అదే అంటుంది. రన్నింగ్ బోర్డు మీద గానీ, బాడీ లోపల కాకుండా గానీ మనిషిని ఎక్కించుకోకూడదు. టాపు మీద ప్రయాణం చేయకూడదు.

మిల్లు_మామ | 8 మే, ఉదయం 11:50

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. మాదీ చిన్న మిల్లే, వేరే జిల్లా. ఎక్కొద్దని బోర్డు పెట్టాం, నోటితో చెప్పాం, తిట్టాం. వినరు. దించడానికి గోదాము దగ్గరికి ఆటోలో రమ్మంటే ఎవడూ రాడు, లోడు మీదే కూర్చుంటాడు. ఎక్కినవాడిదేమీ తప్పు లేదా? పడితే మాత్రం ఓనరు మీద కేసు. 40 వేలు ఇచ్చాడు కదా, ఇవ్వనివాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా. 123వ సెక్షన్ కూడా టాపు మీద ఎక్కేవాడిదీ తప్పే అంటోంది, అది చదవరు.

ముఠా_పెదనాన్న | 8 మే, సాయంత్రం 6:30

మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెబుతున్నా. అయ్యా మిల్లు మామ గారూ, ఆటోకి డబ్బులు ఎవరిస్తారు? ముఠాకి కూలి బస్తాకి ఇంత అని. రోజుకి కాదు, గంటకి కాదు. లోడు పోయి దిగి మళ్ళీ వస్తేనే రెండో ట్రిప్పు. ఆటో కోసం ఆగినా, నడిచిపోయినా రోజుకి ఒక ట్రిప్పు పోతుంది, ఆ ట్రిప్పు డబ్బులు నలుగురి పొట్టలోంచి పోతాయి. లోడు కంటే ముందే హమాలీ గోదాము దగ్గర ఉండాలనేది మీరే, లోడు మీద ఎక్కొద్దనేదీ మీరే. మరి ఎగిరిపోవాలా? నేను ముప్పై నాలుగేళ్ళు మోశాను. బోర్డు ఒకటి మా మిల్లులోనూ ఉంది, దాని మీద నీడ చూసుకుని టిఫిను చేసేవాళ్ళం.

మిల్లు_మామ | 8 మే, సాయంత్రం 7:05

పెదనాన్నా మీరన్నది ఒప్పుకుంటా. కానీ పోటీలో ఆటో ఖర్చు కలిపితే మాకు మిగిలేదెంత అన్నది కూడా ఉంది. నేను దయలేనివాణ్ణి కాదు.

గుమస్తా_గుంటూరు | 8 మే, రాత్రి 8:45

మిల్లు మామ గారి ప్రశ్న మంచిదే, ఎదుటి వకీలు కూడా అదే అడుగుతాడు కాబట్టి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవడం మేలు. ఈ చట్టంలో కార్మికుడి అజాగ్రత్త ఉందని పరిహారం తగ్గించరు, ఎగ్గొట్టరు. తాగి ఉంటేనో, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరిస్తేనో యజమాని తప్పించుకోవచ్చు, అదీ ప్రాణం పోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా ఆ సాకు పనికిరాదు. గోడ మీద బోర్డు పెట్టి, అదే లోడు మీద రోజూ ఎక్కించి పంపితే దాన్ని స్పష్టమైన ఆదేశం అని నిరూపించడం కష్టం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే ప్రశ్న ఒకటే: "మరి దించే మనుషులు గోదాముకి ఎలా చేరేవాళ్ళు?"

హమాలీ అసలు ఉద్యోగే కాదని కూడా అంటారు, ముఠా మనిషి, మా మస్టరులో (హాజరు పట్టీలో) లేడు అని. మోటారు వాహనానికి సరుకు ఎత్తే, దించే పని ఈ పరిహార చట్టం రెండో షెడ్యూల్లోనే ఉంది. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా 12వ సెక్షన్ కింద అసలు యజమానినే అడగొచ్చు. ముఠా మేస్త్రి దగ్గర బస్తాల లెక్క పుస్తకం ఉంటుంది, ఆ రోజు ట్రిప్పు, ఆ నలుగురి వాటాలు దాంట్లో ఉంటాయి. ఆ పేజీ ఫోటో ఇవాళే తీసుకో. రేపు ఆ పుస్తకం దొరకదు.

ఇక మొత్తం. నెల జీతం ఎంతున్నా 2020 జనవరి నుంచి లెక్కకి 15,000 వరకే తీసుకుంటారు. 40 ఏళ్ళకి షెడ్యూల్లో గుణకం 184.17. పూర్తి శాశ్వత వైకల్యమైతే జీతంలో 60 శాతం, అంటే 9,000ని 184.17తో గుణిస్తే 16,57,530. పాక్షికమైతే దాంట్లో సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో అంత. 30 శాతం అని తేలితే 4,97,259. వైద్యానికి అయిన ఖర్చు బిల్లులు చూపిస్తే అది వేరే. మంచాన ఉన్న కాలానికి పదిహేను రోజులకోసారి జీతంలో 25 శాతం. సకాలంలో కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా. ఇప్పుడు దీని పక్కన ఆ 40 వేలు పెట్టి పోల్చి చూడు.

ఒక్క మాట జాగ్రత్త. కాలు ఎంత శాతం పోయిందన్నది కాదు, ఆ పని చేసే శక్తి ఎంత పోయిందన్నది. 1976లో సుప్రీంకోర్టు ముందుకి ఒక వడ్రంగి కేసు వచ్చింది, ఎడమ చెయ్యి మోచేతి పైన పోయింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నూరు శాతం అన్నారు. బస్తా మోసేవాడికి తుంటి, తొడ పోతే ఏమవుతుందో డాక్టరు సర్టిఫికెట్‌లో రాయించుకోవాలి, ఊరికే "20 శాతం" అని తెచ్చుకుని కూర్చుంటే అంతే.

బామ్మర్ది_ఫ్రెండ్ | 8 మే, రాత్రి 10:15

గుమస్తా గారూ, మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి పోతే ఇంకా ఎక్కువ వస్తుందంటారు కదా?

గుమస్తా_గుంటూరు | 8 మే, రాత్రి 10:50

రావచ్చు, అక్కడ 15 వేల పరిమితి లేదు. కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి, మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్. అక్కడ డ్రైవర్ నిర్లక్ష్యం నిరూపించాలి, ఎఫ్‌ఐఆర్ లేకుండా చాలా కష్టం. గడువు కూడా 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలలే. పైగా ఇన్సూరెన్స్ కంపెనీ లేచి, వ్యవసాయానికని పాలసీ తీసుకుని తవుడు తోలారు, సరుకు బండి మీద మనిషెందుకున్నాడు అంటుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి ఇన్సూరెన్స్ వర్తించదని 2003లో సుప్రీంకోర్టు చెప్పేసింది. అందుకే మీ బావ "ప్రయాణికుడు" కాదు, "దించడానికి పోతున్న పనివాడు" అన్న మాట మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఒకేలా ఉండాలి.

ట్రాక్టర్ పాలసీ కాపీ సంపాదించు, ట్రక్కుది విడిగా. ట్రక్కుకి వేరే నంబరు, వేరే ఇన్సూరెన్స్ ఉంటాయి. ప్రీమియం పట్టికలో డ్రైవర్, కూలీలు అని ఎంతమందికి కట్టారో చూడు. ఇన్సూరెన్స్ లేకపోయినా ఓనరు బాధ్యత పోదు, కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు.

సింగపూర్_జగిత్యాల | 9 మే, ఉదయం 5:30

ఇక్కడ కూడా మేం లారీ వెనకే పోతాం సైట్‌కి. బయటివాళ్ళు నమ్మరు గానీ చట్టమే ఒప్పుకుంటుంది, పైకప్పు, పక్కల ఎత్తు రెయిలింగ్ ఉండాలి అంతే. సీట్లు లేవు, నేల మీద కూర్చుంటాం, పొద్దున ఐదింటికి నిద్రలో తూగుతూ. తేడా ఒకటుంది. కంపెనీ బండిలో పోతుంటే దెబ్బ తగిలినా పని ప్రమాదమే అంటారు, కంపెనీ రిపోర్ట్ చేయాలి. క్లెయిముకి ఏడాది గడువు. అయినా మా రూమ్‌లో ఒకతను బాస్‌కి కోపం వస్తుందని రెండు నెలలు చెప్పలేదు, మణికట్టు వంకరగా అతుక్కుంది. భయం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

చెత్తబండి_రాజమండ్రి | 9 మే, మధ్యాహ్నం 2:20

మేమైతే బండి వెనక మెట్టు మీద నిలబడే. చెయ్యి ఒకటి కమ్మీకి, ఇంకో చేతిలో చీపురు. తడి చెత్త నీళ్ళు మెట్టు మీద కారుతుంటాయి, చెప్పు జారుతుంది. డ్రైవర్‌కి అద్దంలో మేం కనపడం, అందుకని రెండుసార్లు రేకు మీద కొడితే ఆపాలి, ఒకసారి కొడితే పోవాలి. కొత్త డ్రైవర్ వచ్చిన రోజు ఒకటీ రెండూ తారుమారు అయ్యాయి, నాతో పని చేసే ఆవిడ దిగుతుంటే బండి కదిలింది. ఆవిడకి పళ్ళు పోయాయి. వేరే ఏం లేదు, చెప్పాలనిపించింది.

ఎముకలవార్డు_సిస్టర్ | 9 మే, రాత్రి 8:00

బామ్మర్ది గారూ, నిన్నటి నుంచి 108 గురించే ఆలోచిస్తున్నాను. 108 వాళ్ళు ఎక్కించుకున్నప్పుడు ఎక్కడ, ఎలా దెబ్బ తగిలింది అని ఒక కాగితం రాస్తారు, ఆసుపత్రికి ఒక కాపీ ఇస్తారు. ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టర్లో కూడా నమోదవుతుంది. మెట్ల కథ పుట్టకముందు రాసిన కాగితాలవి. వెళ్ళి కాపీకి దరఖాస్తు పెట్టండి. తేదీ, టైము ఉన్నవి అడగండి.

మిర్యాలగూడ_బామ్మర్ది | 14 మే, సాయంత్రం 6:40

లేటుగా రాస్తున్నా, ఎన్నికల వల్ల ఆఫీసుల్లో ఎవరూ దొరకలేదు. ఇవాళ ఏరియా ఆసుపత్రికి పోయా. సిస్టర్ అక్కా, మీకు ఎన్ని దండాలు పెట్టాలో. రిజిస్టర్లో ఇంగ్లీషులో, ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి పడటం అని ఉంది, కాలువ గట్టు పేరుతో సహా, మధ్యాహ్నం 3:10 అని. కాపీకి దరఖాస్తు తీసుకున్నారు, సోమవారం రమ్మన్నారు. మేస్త్రి పుస్తకం పేజీ ఫోటో కూడా దొరికింది, ఆ రోజు మూడో ట్రిప్పు పక్కన బావ పేరు సగం వరకే రాసి కొట్టేసి ఉంది.

అక్క మాత్రం భయపడుతోంది. వచ్చే నెల నుంచి తను కూడా అదే మిల్లులో ఊడ్చే పనికి పోవాలనుకుంటోంది. కేసు వేస్తే రానివ్వరు కదా అంటుంది. ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంకో సమస్య. ట్రాక్టర్ నంబరు ఉంది, ట్రక్కుకి నంబరు ప్లేటే లేదు.

ముఠా_పెదనాన్న | 14 మే, రాత్రి 7:30

అక్కని ఇంకో మిల్లులో అడగమను, మిర్యాలగూడలో మిల్లులకేం కొదవ బిడ్డా. మా కోడలు ఒకచోట చేస్తుంది, విడిగా మెసేజ్ పెడతా.

పదిచక్రాల_బండి | 14 మే, రాత్రి 7:55

ప్లేటు లేకపోతే ఛాసిస్ నంబరు చూడు తమ్ముడూ. ట్రక్కు ముందు వైపు, ట్రాక్టర్‌కి తగిలించే ఇనుప కొమ్ము ఉంటుంది కదా, దాని పక్కన ఫ్రేమ్ మీద గుద్ది ఉంటుంది. రేకు బిళ్ళ ఊడిపోయినా గుద్దింది పోదు. పనిలో పనిగా ఆ పిన్ను, రంధ్రం కూడా ఫోటో తియ్యి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తియ్యి, సందు ఎంతో తెలుస్తుంది. మిల్లు బయట రోడ్డు మీద ఆగినప్పుడే వెళ్ళు, లోపలికి పోకు.

మిర్యాలగూడ_బామ్మర్ది | 17 మే, ఉదయం 9:12

దొరికింది అన్నా. టీ కొట్టు ముందు ఆపి ఉంది. గ్రీజు, మట్టి కలిసి గడ్డ కట్టుకుపోయి ఉంటే తాళంచెవితో గీకా, అంకెలు బయటపడ్డాయి. పిన్ను సందులో రూపాయి బిళ్ళ పెట్టి తీద్దామంటే బిళ్ళ లోపలికి పడిపోయింది.